కళ్ళు పెట్టే వేళ

ఆ పెట్టెకి ఇంగ్లీషులో బారెడు పేరుంది. ప్రభుత్వ కాగితాల మీద తప్ప ఆ పేరు ఎవరి నోటా పలకలేదు. మంచుకొండల కింద ఉన్న ఆ సైనిక ఆసుపత్రిలో తెలుగు ముక్క రాని కల్నల్ కూడా, డాక్టర్ కామేశ్వరి నోట విని విని, దాన్ని చూపుపెట్టె అనే అనేవాడు. పెట్టెకి రెండు టోపీలు, వాటి మధ్య ఒక లావుపాటి తీగ. ఒక టోపీ బల్ల మీద పడుకోబెట్టిన చనిపోయిన సైనికుడికి. రెండోది చంద్రకళకి.

చంద్రకళ యుద్ధ చిత్రకారిణి. అంటే బొమ్మలు గీయడానికి సైన్యం జీతమిచ్చి పెట్టుకున్న మనిషి. ఆ యుద్ధం వచ్చేనాటికి ఫొటోలనీ వీడియోలనీ నమ్మేవాళ్ళు లోకంలో కరువైపోయారు. అటువాళ్ళూ ఇటువాళ్ళూ కూర్చున్న చోటు నుంచి కదలకుండా, కావలసినన్ని యుద్ధాలు యంత్రాలతో తయారుచేసి జనం మీదికి వదిలారు. చివరికి ప్రభుత్వాలకే విసుగెత్తి పాత పద్ధతికి తిరిగొచ్చాయి. చూసినదాన్ని చేత్తో గీసి, కింద తన పేరు రాసుకునే మనిషి కావలసి వచ్చాడు. అబద్ధమైతే నిలదీసి అడగడానికి ఒక మనిషంటూ ఉండాలి కదా.

పెట్టెని కనిపెట్టిన కామేశ్వరిది రాజమండ్రి. ప్రాణం పోయాక కూడా, మనిషి మనసులో ఆఖరున నిలిచిన దృశ్యం మెదడులో కొన్ని గంటలపాటు మిగిలి ఉంటుందని ఆవిడ కనుక్కుంది, సగం తుడిచిన పలక మీద అక్షరాల్లాగా. దాన్ని తెర మీదికి లాగితే బూడిదరంగు ముద్ద తప్ప ఏమీ రాలేదు. బతికున్న మరో మనిషి మెదడులోకి పంపితే మాత్రం బొమ్మ కట్టేది. కానీ ఆ బొమ్మని చూసినవాళ్ళు చూసింది చూసినట్టు చెప్పలేక నీళ్ళు నమిలేవారు. అందుకే చెయ్యి తిరిగిన చిత్రకారుల కోసం దేశమంతా వెతికారు.

సైన్యం ఆశ వేరు. శత్రువు ఏ వైపు నుంచి వచ్చాడు, ముందు కాల్చింది ఎవరు, ఇవన్నీ చచ్చిపోయినవాళ్ళే సాక్ష్యం చెబుతారని కల్నల్ గంపెడాశ పెట్టుకున్నాడు.

ఒకరోజు పొద్దున చంద్రకళ టోపీ పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఒడిలో అట్ట, చేతిలో పెన్సిల్. బల్ల మీద ఉన్నది శ్రీకాకుళం వైపు కుర్రాడు. మీసాలు సరిగ్గా రాలేదు.

"ఏం కనబడుతోందండీ?" కామేశ్వరి అడిగింది.

"బర్రె, మేడమ్."

"ఏంటీ?"

"బర్రె ముట్టె. దాని ముక్కు మీద ఈగ వాలింది. పలుపు పట్టుకున్న చెయ్యొకటి కనబడుతుంది. మనిషైతే కనబడుత లేడు."

కామేశ్వరి అట్ట మీదికి వంగి చూసింది. "చిటికెనవేలు వంకరగా పడిందేమో చూడండి. దిద్దుతారా?"

"వంకరగనే ఉన్నది మేడమ్. ఉన్నది ఉన్నట్టు గియ్యమన్నది మీరే కద."

మధ్యాహ్నం కల్నల్ వచ్చి ఆ గేదెని చూసి, టోపీ తీసి తల గోక్కుని, ఇందులో యుద్ధం ఎక్కడుందని అడిగాడు. ఏ రోజూ అంతే. కొండ మీద గుండు తగిలి పడిపోయినవాడు కొండని చూడలేదు, గుండుని చూడలేదు. ఒకడు బస్టాండులో సోడా కొట్టు చూశాడు. ఒకడు భార్య ఆరేస్తున్న చీర చూశాడు. ఇంకొకడికి పరీక్ష హాల్లో ముందు కూర్చున్నవాడి మెడ కనిపించింది. చంద్రకళ అన్నీ గీసి, కింద పేరు రాసి ఇచ్చేది. ప్రభుత్వ ఖజానాలో యుద్ధ చిత్రాల పేరుతో వంటిళ్ళూ పశువుల కొట్టాలూ పోగుపడ్డాయి.

గీసిన బొమ్మ కాగితం మీదికి వెళ్ళిపోతే బాగుండేది. కానీ అది చంద్రకళలో కూడా ఉండిపోయేది. తను ఎన్నడూ అడుగుపెట్టని ఇళ్ళలో ఉప్పు డబ్బా ఎక్కడుందో ఆమెకి తెలుసు. ఎవరి పిల్లకి ఏ పన్ను ఊడిందో తెలుసు. మెస్సులో ఒంటరిగా కూర్చుని అన్నం కలుపుకుంటూ, ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళ నవ్వులు గుర్తొచ్చి ఉలిక్కిపడేది. ఇంతమంది తనవాళ్ళలా కళ్ళలో మెదులుతున్నా, వాళ్ళలో ఒక్కరికీ తనెవరో తెలియదు.

ఆమెకున్న ఒకే ఒక్క మనిషి తమ్ముడు నరహరి. వాడు ఆ కొండల మీదే ఎక్కడో ఉన్నాడు.

జనగామ దగ్గరి ఊళ్ళో వాళ్ళది నకాషీల ఇల్లు. చింతగింజల జిగురు, సుద్దమట్టి పట్టించిన పొడుగాటి బట్ట మీద కులపురాణాల బొమ్మలు వేసే వంశం. కథలు చెప్పేవాళ్ళు వచ్చి ఆ పటాలు పట్టుకుపోయి ఊరూరా విప్పి చూపించి కథ చెబుతారు. పటంలో అన్నీ పూర్తయ్యాక ఆఖరున కళ్ళు పెడతారు. అప్పటిదాకా అది రంగుల బట్ట. కళ్ళు పెట్టాకే అందులోని వాళ్ళు లోకాన్ని చూస్తారు. అందుకని వాళ్ళింట్లో ఒక కట్టుబాటు ఉంది. కళ్ళు పెట్టడానికి కూర్చున్న మనిషి ఆ పని అయ్యేదాకా తల ఎత్తకూడదు, నోరు విప్పకూడదు. ఇంట్లో పాలు పొంగిపోయినా సరే.

నరహరికి ఏనుగుల్ని వెయ్యడం వచ్చు, చెట్లు వెయ్యడం వచ్చు, కళ్ళు మాత్రం కుదిరేవి కావు. ఎడమ కన్ను ఎప్పుడూ కొంచెం పైకి పడేది. "అమ్మవారు నిన్ను జూసి కన్ను గొడుతున్నట్టుందిరా!" అని తండ్రి నెత్తిన మొట్టేవాడు. మొట్టి మొట్టి చివరికి వాడి చేతికి సన్న కుంచె ఇవ్వడమే మానేశాడు. కళ్ళు పెట్టనివ్వని ఇంట్లో ఎన్నాళ్ళని రంగులు నూరుతాడు? తండ్రి చనిపోయిన ఏడాదే వాడు సైన్యంలో చేరాడు.

వాడు బయల్దేరిన పూట చంద్రకళ కళ్ళు పెడుతోంది. పటం కోసం కథకులు ఊళ్ళో దిగి ఉన్నారు. బస్సు అనుకున్నదానికంటే ముందే వచ్చింది. గుమ్మంలో ట్రంకుపెట్టె చప్పుడైంది.

"అక్కా, పోయొస్తనే."

ఆమె తల ఎత్తలేదు. ఇంకొక్క వరుస మిగిలింది.

"అక్కా, బస్సొచ్చింది. ఒక్కపారి ఇటు జూడరాదు?"

ఆమె ఎడమచేత్తో ఆగమన్నట్టు సైగ చేసింది. వాడు దగ్గరికి వచ్చాడు. రంగు చిప్పలు కదిలిన చప్పుడైంది. వీపు మీద చీమ పాకినట్టయితే, మళ్ళీ ఏదో కోతిపని మొదలుపెట్టాడనుకుని భుజం విదిలించింది. తర్వాత అడుగుల చప్పుడు, బస్సు హారను. ఆఖరి కన్ను పెట్టి తల తిప్పేసరికి గుమ్మం ఖాళీగా ఉంది.

ఫోన్లో ఎన్నోసార్లు మాట్లాడుకున్నారు. వాడు ఆ ఊసే ఎత్తలేదు. ఆమె ఎత్తబోయి ప్రతిసారీ ఆగిపోయింది. యుద్ధం మొదలై చిత్రకారులు కావాలని ప్రకటన వస్తే, ఆ కొండల పేరు చూసే ఆమె దరఖాస్తు పెట్టింది. జీతం సంగతి కూడా అడగలేదు.

నరహరిని తీసుకొచ్చిన రోజున మంచు విపరీతంగా పడుతోంది. కామేశ్వరి ముందే చూసి, తలుపుకి అడ్డంగా నిలబడింది.

"చంద్రకళగారూ, మీరు లోపలికి రావద్దు."

ఆ ఒక్క మాటతో చంద్రకళకి అంతా అర్థమైంది. ఏడుపు రాలేదు. "టోపీ ఎవరు పెట్టుకుంటరు మేడమ్?" అంది.

పెట్టెకి ఒక నియమం ఉంది. సొంతవాళ్ళది సొంతవాళ్ళు చూడకూడదు. రెండో చిత్రకారుడు, ఒడియా ఆయన, జ్వరంతో కింద పట్నానికి దిగాడు. మంచుకి దారి మూసుకుపోయింది. సాయంత్రానికల్లా నరహరి తలలో మిగిలింది కాస్తా చెరిగిపోతుంది.

"వద్దండీ, నా మాట వినండి," కామేశ్వరి ఆమె చేతులు పట్టుకుంది. "పరాయివాళ్ళదైతే మీ మెదడు ఖాళీగా ఉండి తీసుకుంటుంది. తమ్ముడంటే మీలో పుట్టెడు జ్ఞాపకాలున్నాయి. ఆయన చూపు ఏది, మీ జ్ఞాపకం ఏది, నేను కూడా విడదీసి చెప్పలేను. తర్వాత జీవితాంతం ఇది వాడిదా నాదా అని కొట్టుకుంటారు."

"గియ్యకపోతే కొట్టుకోనా మేడమ్?"

కామేశ్వరి పక్కకి తప్పుకుంది.

చంద్రకళ తమ్ముడి మొహం చూడలేదు. చూస్తే ఆ మొహమే కళ్ళలో నిలిచిపోతుందని భయం. తల వంచుకుని వెళ్ళి కూర్చుని టోపీ పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

ముందు ఎరుపు కనిపించింది. నెత్తురేమో అనుకుంది. కాదు, అది పటం మీది ఎరుపు, వాళ్ళింట్లో నేల మీద పరిచిన పటం. దాని ముందు ఒక ఆడమనిషి వంగి కూర్చుంది. వీపు ఇటు ఉంది. జడ ముందుకి వేసుకుంది. పాత ఆకుపచ్చ రవిక, దాని మీద స్పష్టంగా రెండు చిన్న మరకలు, రెంటిలోనూ నలుపూ తెలుపూ. ఒకటి కాస్త పైకి, ఒకటి కాస్త కిందికి. ఆ మనిషి కదల్లేదు, తిరగలేదు. బొమ్మ అలాగే నిలిచి, అంచుల నుంచి పలచబడి, ఆరిపోయింది.

చంద్రకళ గీసింది. మరకల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి వాటిని సమంగా పెట్టబోయింది. కనబడింది అలా కాదు. ఆమె వాటిని కనబడినట్టే పెట్టింది.

కామేశ్వరి ఆ బొమ్మని చాలాసేపు చూసింది. "ఇది మీరే కదండీ?"

"నేనే."

"ఆ రోజు తిరిగి చూడలేదని మీరు నాతో ఒకసారి చెప్పారు. ఆ బాధ మీలో ఉంది. ఆ బాధే ఇది గీయించి ఉండొచ్చు."

"నా వీపు నేనెన్నడు చూసుకున్న మేడమ్?"

"వీపు ఊహించుకోవడం మెదడుకి పెద్ద పనేం కాదు. మీకు బొత్తిగా తెలియనిది, ఇది ఆయన కళ్ళకే తెలుసు అనగలిగింది ఏదైనా ఉంటే చెప్పండి. నేనే సంతకం పెడతాను." ఆవిడ బొమ్మలో వీపు మీద వేలు పెట్టింది. "ఈ మచ్చలేంటి?"

"రంగు మరకలై ఉంటయి. పని రవిక నిండ మరకలే. కనబడ్డది గీసిన."

ఆ బొమ్మ వెనక చిత్రకారిణి సొంత జ్ఞాపకం అని రాశారు.

గెలిచామని రెండువైపులవాళ్ళూ చెప్పుకుని యుద్ధం మానేశారు. ఆ తర్వాత హైదరాబాదులో పెద్ద హాలు తీసుకుని బొమ్మలన్నీ వేలాడదీశారు. గోడల నిండా వంటిళ్ళు, సోడా కొట్టు, చీర, మెడ. చూడవచ్చిన పెద్దమనుషులు ముందు గది నుంచి వెనక గదికీ, వెనక గది నుంచి ముందు గదికీ తిరిగి, యుద్ధం బొమ్మలు ఏ గదిలో ఉన్నాయని వాకబు చేశారు. చనిపోయినవాళ్ళ తాలూకు మనుషులు మాత్రం ఎవరినీ ఏమీ అడగలేదు. తమ బొమ్మ దగ్గరికి నేరుగా వెళ్ళి నిలబడిపోయారు.

గేదె బొమ్మ ముందు ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. శ్రీకాకుళం కుర్రాడి తండ్రి. చంద్రకళని చూసి అడిగాడు.

"ఇది నువ్వేసిందేనా తల్లీ?"

"అవు బాపూ."

"మా నల్లదే. ఈగతో సహా మా నల్లదే." అంతలోనే చిన్నబోయిన మొహంతో, "మావోడు పోయినప్పుడు దీన్నే సూసుకున్నాడేటి? నానెక్కడా కనబడనేదా?" అన్నాడు.

చంద్రకళ పలుపు పట్టుకున్న చేతిని చూపించింది. ముసలాయన దగ్గరికి జరిగాడు. బొమ్మలో చిటికెనవేలు చూశాడు. తన కుడిచెయ్యి పైకెత్తి చూసుకున్నాడు. ఎప్పుడో విరిగి అతుక్కున్న వేలు, అదే వంకర. ఆయన ఆ చేతిని ఇంకో చేత్తో పట్టుకుని అక్కడే నేల మీద కూలబడి, నవ్వాడో ఏడ్చాడో తెలియకుండా ఊగిపోయాడు.

ఆ క్షణాన చంద్రకళ ఆయన మీద అసూయ పడింది, అలా పడినందుకు సిగ్గూ పడింది. కొడుకు పోయాడు, కానీ కొడుకు చూపు ఆయనకి దక్కింది. తన తమ్ముడి చూపు తనకి దక్కిందో లేదో చెప్పే వంకర వేలు ఏదీ? ఆమె బొమ్మ ఏ గోడ మీదా లేదు. దాన్ని చుట్ట చుట్టి ఆమెకే ఇచ్చేశారు.

ఊరికి వచ్చి తాళం తీసింది. ఇల్లు ఊడ్చింది, సున్నం వేయించింది. బొమ్మని పని చేసే గదిలో తన ఎదురుగా గోడకి తగిలించింది. వచ్చిన ఇరుగుపొరుగు, నీ బొమ్మ నువ్వే ఏసుకున్నవా బిడ్డా, అదేందో మొఖం లేకుంట, అన్నారు. అవునంది. అంతకంటే ఏం చెప్పాలి? తమ్ముడు చూశాడని చెబితే అబద్ధమో, తనే ఊహించుకున్నానని చెబితే అబద్ధమో ఆమెకే తెలియదు. సాయంత్రాలు గుమ్మంలో కూర్చుంటే ఊళ్ళోవాళ్ళు పలకరించి వెళ్ళేవారు. ఆమె కళ్ళ ముందు మాత్రం ఎవరిదో చీర ఆరుతూ ఉండేది. ఎవరి బిడ్డో పన్ను చూపించి నవ్వేది. పగలంతా పరాయివాళ్ళతో కిక్కిరిసిన మనసులో నరహరి మొహం కోసం వెతికితే ఒక్కోసారి దొరికేది కాదు.

కొన్నాళ్ళకి కథకులు వచ్చి కొత్త పటం అడిగారు. ఒప్పుకుంది. బట్టకి జిగురు పట్టించి, ఆరబెట్టి, గీతలు గీసి, ఎరుపు నింపి, ఒక్కొక్క రంగూ వేసుకుంటూ వచ్చింది. మనుషులందరూ కళ్ళు లేని మొహాలతో వరుసలు కట్టారు. కళ్ళు పెట్టే ముందు కుంచె శుభ్రంగా తుడవాలి. మూలనున్న పాత గుడ్డల మూట విప్పి చేతికందింది లాగింది.

ఆకుపచ్చ రవిక వచ్చింది. చంక దగ్గర చిరిగితే, తమ్ముడు బయల్దేరిన రోజే విప్పి, తిప్పి చూడకుండా మూటలో పడేసిన రవిక. తుడవబోయి, వీపు భాగం వేళ్ళకి గరుకుగా తగిలితే తిప్పి చూసింది.

నిండా మరకలు. పసుపు, ఎరుపు, నీలం. ఆ మరకల మధ్య, ఎక్కడా చెదరకుండా, రెండు కళ్ళు. చేప ఆకారంలో తెలుపు, చుట్టూ సన్నటి నల్ల గీత, మధ్యన నల్లగుడ్డు. వాళ్ళింటి కళ్ళే. ఎడమ కన్ను కొంచెం పైకి పడింది.

చంద్రకళ రవికని తీసుకెళ్ళి గోడ మీది బొమ్మ పక్కన పట్టుకుంది. మరకలనుకుని తను గీసినవి సరిగ్గా అక్కడే, అంతే ఎత్తు తేడాతో ఉన్నాయి.

అప్పుడు తెలిసింది ఆమెకి, ఆ రోజు వీపు మీద పాకిన చీమ ఏమిటో. ఒక్కపారి ఇటు జూడు అని అడిగాడు. అక్క చూడలేదు. కోపం తెచ్చుకోలేదు వాడు, కట్టుబాటు తెలిసినవాడే కదా. ఎన్నడూ చేతికియ్యని సన్న కుంచె తీసుకుని, తిరగని అక్కకి తనే కళ్ళు పెట్టి, ఆ కళ్ళు చూస్తుండగా గుమ్మం దాటాడు. కొండ మీద పడిపోయినప్పుడు కూడా వాడు చూసింది ఒక వీపుని కాదు, తననే చూస్తున్న అక్కని. చంద్రకళ ఆ రవికని మొహానికి అదుముకుని, బల్ల పక్కన రాని ఏడుపు, హాల్లో రాని ఏడుపు, అంతా అక్కడ ఏడ్చింది.

తర్వాత కామేశ్వరికి ఫోన్ చేసింది.

"మేడమ్, వంకర వేలు దొరికింది."

ముసలాయన వేలి సంగతీ రవిక సంగతీ అంతా చెప్పింది. "రికార్డు నేను మార్పిస్తానండీ. బొమ్మ, రవిక రెండూ పంపండి. సాక్ష్యం కావాలి."

"బొమ్మ పంపుత మేడమ్. అందరు చూడాలె. రవిక పంపను."

మర్నాడు పొద్దున స్నానం చేసి, చిరిగిన చంకకి రెండు కుట్లు వేసి, ఆ రవికే తొడుక్కుంది. గుమ్మానికి వీపు పెట్టి పటం ముందు కూర్చుంది. తలుపులు బార్లా తీసే ఉంచింది. తల వంచి ఒక్కొక్క మొహానికీ కళ్ళు పెడుతూ పోయింది. బయట బస్సు ఆగింది, ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు. ఆమె తల ఎత్తలేదు.

చిట్టచివర ఒక మొహం మిగిలింది. కుడి కన్ను పెట్టింది. కుంచె ముంచుకుని ఎడమ కంటి మీదికి తెచ్చి, ఆగింది. తాతల నాటి నుంచి ఆ ఇంట్లో కళ్ళు పెడుతూ ఎవరూ నోరు విప్పలేదు.

"పోయిరా తమ్మీ," అంది పైకే, గుమ్మంలోని మనిషికి వినబడేటంతగా.

మాటతో పాటు చెయ్యి కదిలింది. ఎడమ కన్ను కొంచెం పైకి పడింది. ఆమె దాన్ని దిద్దలేదు.